చీటీ మీద లేని పేరు

ఈ పుస్తకం అచ్చు పని మీద మేం నలుగురం హైదరాబాద్ వెళ్ళాం. ఇద్దరం గోండులం, ఒకరు తండా మనిషి. నాలుగో ఆయన కాకా. కాకా రాసే మనిషి కాదు. పర్ధాన్ ఇంట పుట్టాడు, తండ్రి దగ్గర కిక్రి పట్టాడు, ఇప్పటికీ మా ఊళ్ళలో దేవుళ్ళ కథ చెప్పేది ఆయనే. కళాకారుడిగా గుర్తింపు కార్డు కోసం పెట్టిన అర్జీ ఏమైందో కనుక్కోవాలని మా వెంట వచ్చాడు. ఎందుకైనా మంచిదని కిక్రిని గుడ్డసంచిలో పెట్టుకొని తెచ్చాడు, కళాకారుడినంటే ఆఫీసులో నమ్మాలి కదా అని. ఆఫీసులో, సారు లేరు, ఎల్లుండి రండి అన్నారు. ప్రెస్సు వాళ్ళూ ప్రూఫులు ఎల్లుండికే అన్నారు. మధ్యలో ఒక నిండు రోజు మిగిలింది. అఫ్జల్‌గంజ్ దగ్గర లాడ్జి గదిలో పంకా చూస్తూ పడుకునేకన్నా, ఈ పట్నంలో బొమ్మలూ పాటలూ ఎక్కడెక్కడ ఉన్నాయో చూసొద్దామని బయల్దేరాం. నడిచే వెళ్ళాం. ఆటో ఎక్కితే దారి గుర్తుండదంటాడు కాకా.

పట్నం కళల గురించి పేపర్లలో రాసేవాళ్ళు ఒక హాలు నుంచి ఇంకో హాలుకు బండి మీద పోతారు. రెండు హాళ్ళ నడుమ ఉన్నది వాళ్ళ రాతలోకి రాదు. ఆ రోజు మేం చూసిందాంట్లో సగం ఆ నడుమ ఉన్నదే. అందుకే ఇది ఏ ఒక్క ప్రదర్శన మీదా సమీక్ష కాదు. ఒక నడక మీద మా అభిప్రాయం.

మొదట నయాపూల్ మీదుగా మూసీ దాటి సాలార్‌జంగ్ మ్యూజియం. అక్కడ అందరూ చూసేది రెండు. ఒకటి ముసుగు వేసుకున్న రెబెక్కా పాలరాతి బొమ్మ. రాయిని పలచని గుడ్డలా చెక్కాడు, ముసుగు వెనక ముఖం కనపడుతుంది. చెక్కినవాడు ఇటలీ దేశపు బెంజోని, 1876లో. బడిపిల్లలు వరసగా నిలబడి ఆ పేరు నోట్‌బుక్‌లో రాసుకుంటున్నారు. రెండోది పాటల గడియారం. గంట అయ్యే ముందే జనం వచ్చి బెంచీల మీద కూర్చుంటారు. గంట కాగానే లోపలి నుంచి ఒక చిన్న గడ్డం మనిషి బయటికొచ్చి గంట కొట్టి లోపలికి పోతాడు. పక్కన ఒక కమ్మరి సెకనుకోసారి సుత్తి ఎత్తి దించుతుంటాడు. మేం పదకొండు దెబ్బలు విన్నాం. జనం ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు, ఒక్కరూ మాట్లాడలేదు. "తాళం తప్పడు, దమ్మే లేదు" అని కాకా తీర్పు చెప్పాడు. ఆ గడియారాన్ని బిగించింది కలకత్తాలోని కుక్ అండ్ కెల్వీ కంపెనీ. యంత్రానికి కూడా దాన్ని కూర్చినవాళ్ళ పేరు ఉంది. ఈ సంగతి అప్పుడు మాకు పెద్దగా పట్టలేదు. మధ్యాహ్నానికి పట్టింది.

మళ్ళీ ఏరు దాటి బేగంబజార్ సందుల్లోకి వచ్చాం. ఇత్తడి దుకాణాల ముందు కాకా ఆగి ఆగి నడిచాడు. ఇత్తడి అంటే మాకు ఉషేగాం గుర్తొస్తుంది. అక్కడ ఓజావాళ్ళు మైనంతో బొమ్మ అల్లి, పైన మట్టి పూసి, కాల్చి, మైనం కరిగిపోయిన ఖాళీలో ఇత్తడి పోస్తారు. అచ్చు ఒకసారికే. మట్టి పగలగొడితే గానీ బొమ్మ బయటికి రాదు కాబట్టి ఏ రెండు బొమ్మలూ ఒకటి కావు. 2018లో ఆదిలాబాద్ డోక్రాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషం. కానీ ఆ గుర్తింపు జాగాకు, చేతికి కాదు. చట్టం తీరే అది. బేగంబజార్‌లో అడిగితే ఇత్తడి కిలో లెక్క. "కిలో లెక్క సరే, చెయ్యి లెక్క ఏడుంటది?" అన్నాడు కాకా. దుకాణాయనకు అర్థం కాలేదు, నవ్వాడు.

ఆ సందుల్లోనే బ్యాండుమేళం డ్రమ్ములు వరసగా పెట్టి ఉన్నాయి. ఒక్కొక్క డ్రమ్ము మీద ఎర్ర రంగుతో మేళం పేరు, గల్లీ పేరు, ఫోన్ నంబరు. కళ మీద కళాకారుడి పేరు ఎలా రాయాలో పట్నానికి తెలియదని అనుకోకండి. బతుకుతెరువు దాని మీదే ఉన్నవాళ్ళు ఎంత పెద్ద అక్షరాలతో రాసుకున్నారో అక్కడ చూశాం.

ఇక అసలు విషయం. ఈ నగరంలో మన వస్తువులు పెట్టిన చోట్లు ఒకటి కాదు, చాలా ఉన్నాయి. దారిలో అలాంటి ఒకదానిలోకి వెళ్ళాం. ఏదని చెప్పం. చెబితే తప్పు ఆ ఒక్కదానిదే అనుకుంటారు. గేటు దగ్గర కాపలా మనిషి కాకా సంచి పట్టుకొని చూశాడు. లోపల కిక్రి ఉంది. సంచులు లోపలికి తీసుకుపోగూడదు, కౌంటర్లో పెట్టమన్నాడు. కాకా మారు మాట్లాడకుండా ఇచ్చాడు. ఒక టోకెన్ ఇచ్చారు. జేబులో వేసుకున్నాడు.

లోపల మూడో గదిలో గాజు పెట్టెలో ఒక కిక్రి ఉంది.

కాకా చాలాసేపు దాని ముందు నిలబడ్డాడు. మేం కింద ఉన్న చీటీ చదివి వినిపించాం. గోండుల తీగవాద్యం, ఆదిలాబాద్ జిల్లా. అంతే. ఆ ఒక్క లైను మీద చాలా మాట్లాడాల్సి ఉంది. గోండుల వాద్యం అంటే తప్పు కాదు, ఒప్పూ కాదు. అది మా కోసం పర్ధాన్లు వాయించేది, తోటివాళ్ళు వాయించేది. దేవుళ్ళను గుహలోంచి విడిపించిన కథలో పహండి కుపార్ లింగల్‌తో పాటు హీరాసుక ఉంటాడు. కిక్రి పట్టిన మొదటి పర్ధాన్ ఆయనే. ఆయన పాట లేకపోతే మా సగలు లేవు, మా పెళ్ళిళ్ళు ఎవరితో కుదురుతాయో తెలిసే దారి లేదు. చీటీలో పర్ధాన్ అనే మాట లేదు. ఆదిలాబాద్ జిల్లా అన్నది ఏ జిల్లా? 2016లో అది నాలుగు జిల్లాలయింది. ఏ ఊరు? ఎవరి ఇల్లు? ఎప్పుడు తెచ్చారు? కొన్నారా, అడిగి తీసుకున్నారా? ఏమీ లేదు. మూడు తీగల్లో ఒకటి వదులై కింద వేలాడుతోంది. కమాను అసలు లేదు.

"కమాను లేని కిక్రి అంటే నోరు లేని మనిషి బిడ్డా" అన్నాడు కాకా. కొంచెం ఆగి, "గిది చేసినోడు ఎవడో నాకు తెలిస్తది కావచ్చు. మెడ కాడ చెక్కిన తీరు చూస్తే ఫలానా ఊరోళ్ళ చెయ్యి లెక్కనే ఉన్నది. లోపల పట్టుకొని చూస్తే చెప్పేటోణ్ణి" అన్నాడు. గాజు మీద వేలు పెట్టాడు. కాపలా మనిషి దూరం నుంచే "ముట్టుకోవద్దు" అని కేకేశాడు.

అప్పుడు మాకు ఆ దృశ్యం మొత్తం ఒక్కసారిగా కనపడింది. వాయించే కిక్రి సంచిలో, కౌంటర్ కింద, టోకెన్ మీద ఉంది. వాయించలేనిది గాజు లోపల దీపాల కింద ఉంది. దాని గురించి చెప్పగల మనిషి టికెట్ కొనుక్కుని వచ్చి గాజు బయట నిలబడ్డాడు. పక్క గదిలో మన మనుషుల నిలువెత్తు బొమ్మలు ఉన్నాయి. గుడిసె, పొయ్యి, విల్లు, ఒక ఆడమనిషి, ఒక బిడ్డ. ఎవరికీ పని లేదు, ఎవరూ ఎవరినీ చూడటం లేదు. వాటికీ పేర్లు లేవు. చేసిన శిల్పికీ పేరు లేదు. అంటే ఆ కట్టడంలోకి ఒకసారి మనం వచ్చామా, మనల్ని చెక్కినవాడికి కూడా మన గతే పడుతుంది.

నడుస్తూ నడుస్తూ దీని మీద మాలో మాకే వాదన పడింది. మాలో ఒకరన్నారు, పేరు అనేది పట్నం జబ్బు, మన కళ అందరిదీ, ఎవడో ఒకడి పేరు పెడితే అది మనది కాకుండా పోతుంది అని. ఈ మాట మన సభల్లో తరచూ వింటాం, మన వ్యాసాల్లోనూ రాశాం. అందులో నిజం ఉంది. దేవుడి కథ కాకాది కాదు. ఆయన తండ్రిదీ కాదు. కానీ ఊళ్ళో పేరు రాయకపోవడానికి కారణం అందరికీ తెలుసు కనక. ఫలానా తుడుం ఎవరు బిగించారో, ఫలానా గుమేల ఎవరి చేతిదో చిన్న పిల్లను అడిగినా చెబుతుంది. తెలిసిన చోట రాయకపోవడం ఒకటి, తెలియని చోట రాయకపోవడం ఇంకొకటి. మొదటిది నమ్మకం. రెండోది చెరిపేయడం. ఈ తేడా చూడకుండా 'సామూహిక కళ' అని మనం గొప్పగా చెప్పుకున్న మాటే మ్యూజియం వాళ్ళకు చీటీ రాసే శ్రమ తప్పించింది.

దీనికి ఒక పర్ధాన్ కథే సాక్ష్యం. మధ్యప్రదేశ్‌లోని పాటన్‌గఢ్ పర్ధాన్ జంగఢ్ సింగ్ శ్యామ్. మన కిక్రి లాంటిదే వాళ్ళ బానా, దాని మీద దేవుళ్ళను పాడే కుటుంబాలు వాళ్ళవి. 1980ల మొదట్లో భోపాల్ భారత్ భవన్ కోసం చిత్రకారుడు స్వామినాథన్ ఊళ్ళకు పంపినవాళ్ళు ఆయన గోడ బొమ్మలు చూశారు. పాటలో ఉన్న దేవుళ్ళు కాగితం మీద చుక్కలుగా, గీతలుగా దిగారు. ఆయన పేరు మీదే ఆ తీరుకు జంగఢ్ కలమ్ అనే పేరు వచ్చింది. తెగ పేరు ఉన్న చోట మనిషి పేరు రాయించిన చెయ్యి అది. 2001లో జపాన్‌లో ఒక మ్యూజియంలో పనిచేస్తూ, ఇంటికి దూరంగా, తన ప్రాణం తనే తీసుకున్నాడు. పేరు వస్తే అన్నీ వచ్చినట్టే అని మేం అనడం లేదు.

జంగఢ్ తర్వాత ఆ బొమ్మలు దేశమంతా పాకాయి. హైదరాబాద్ చేతిపనుల దుకాణాల్లో 'గోండు పెయింటింగ్' అని చీర మీద, కప్పు మీద, గోడ గడియారం మీద ఉన్నాయి. గోండులమని చెబితే ఆ రోజు ఒక దుకాణంలో ఆమె చాలా సంతోషపడి, "అయితే మీరూ ఇలా వేస్తారా, ఆర్డర్ ఇస్తే ఎన్ని రోజుల్లో ఇస్తారు?" అని అడిగింది. మా ఆదిలాబాద్ గోండులం అలా వేయం అంటే నమ్మలేదు. మా తాతలు గోడలకు వేసే ముగ్గు, గుస్సాడి టోపీ మీద నెమలి ఈకలు కుట్టే లెక్క, తుడుం మీద తోలు బిగించే ముడి, ఇవి మా బొమ్మలు. వాటిని కప్పు మీద అచ్చు వేయలేరు. ఆమె తప్పేం లేదు. తెగ పేరే సంతకం అయినప్పుడు ఒకచోటి చెయ్యి ఇంకోచోటి నెత్తి మీద పడుతుంది.

నాంపల్లి దాటాక ఆ మధ్యాహ్నం ఇంకొకటి చూశాం. ఒక హాలు ముందు ఏదో పెద్ద సభ. మెట్లకు అటూ ఇటూ గుస్సాడి వేషాల్లో హాస్టల్ పిల్లలు నిలబడి ఉన్నారు, అతిథులకు స్వాగతం. ఏ జిల్లా పిల్లలో అడిగాం, మావాళ్ళే. నెమలి ఈకల టోపీ, మేక చర్మం, చేతిలో రోకలి, ఒంటికి బూడిదకు బదులు తెల్ల పౌడరు. కారు వచ్చినప్పుడల్లా పెట్టెలోంచి పాట వేస్తారు, పిల్లలు ఎగురుతారు, కారు పోగానే ఆపేస్తారు. వాద్యగాళ్ళు ఏరంటే, డ్యాన్సర్లకే బస్సు ఛార్జీలు మంజూరయ్యాయట.

దీన్ని చూసి అపచారం అని కోప్పడటం తేలిక. దండారిలో గుస్సాడి దేవుడి మనిషి. దీక్ష పట్టిన రోజుల్లో స్నానం చేయడు, బూడిద కడుక్కోడు, కోలబోడితో దీక్ష దిగేదాకా వేషం మామూలు వేషం కాదు. ఇదంతా మనకు తెలుసు. కానీ మేం కళ గురించి మాట్లాడుతున్నాం కనక కళ తప్పే చెబుతాం. గుస్సాడి అడుగు తుడుంతో మాట్లాడుతుంది. డప్పు, వెట్టె, పెప్రె, కాలికోం, అన్నీ కలిసి ఒక మాట అడిగితే కాలు జవాబు చెబుతుంది. వాయించేవాడు అలసినవాడిని చూసి దెబ్బ నెమ్మదిస్తాడు, కుర్రాడు రెచ్చిపోతే వదిలిపెడతాడు. పెట్టెలోని పాట ఎవరినీ చూడదు. అందుకే ఆ పిల్లల కాళ్ళు సరిగ్గా పడుతున్నా నాట్యం లేదు, డ్రిల్లు ఉంది. కాకా సంచి విప్పబోయాడు. కిక్రి అక్కడ పనికిరాదు కాకా, దండారికి తుడుం కావాలి అని మేమే ఆపాం. ఒక పిల్లవాడికి మంచినీళ్ళ సీసా ఇచ్చి వచ్చాం.

మార్లవాయి కనక రాజు గారు గుర్తొచ్చారు. చదువుకున్నవాళ్ళు మార్లవాయి అనగానే హైమన్‌డార్ఫ్ అంటారు, మేం కనక రాజు అంటాం. 1981లో ఢిల్లీ గణతంత్ర దినాన గుస్సాడి ఆడించిన మనిషి, 2021లో పద్మశ్రీ. ఆయన నేర్పిన పిల్లలు ఊళ్ళూళ్ళో ఉన్నారు. 2024 అక్టోబర్‌లో పోయారు. అదే ఏడాది జూన్‌లో మణుగూరు దిక్కు కోయ డోలి సకిని రామచంద్రయ్య గారు పోయారు. సమ్మక్క సారలమ్మల కథను కోయ భాషలో డోలు మీద చెప్పిన ఆయనకు 2022లో పద్మశ్రీ. ఒకే ఏడాదిలో రెండు చెట్లు కూలాయి. పతకం వచ్చినప్పుడు పేరు పేపర్లో వస్తుంది. ఆ పేరు ఆయన ఊళ్ళో ఇంకో పది మంది వాద్యగాళ్ళ పేర్లకు దారి వేస్తుందా అంటే, ఇప్పటిదాకా వేయలేదు.

లక్డీకాపూల్ నుంచి మాసబ్‌ట్యాంక్ పోయే దారిలో ఏసీ గార్డ్స్ అనే బస్తీ ఉంది. ఏసీ అంటే చల్లగాలి పెట్టె అనుకున్నాం, నిజం చెప్పొద్దూ. ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్. నిజాం కొలువులో గుర్రపు సైనికులుగా ఉన్న సిద్దీల బస్తీ. రెండు అక్షరాల వెనక ఒక ఖండం దాక్కుంది. గల్లీలో పెళ్ళి ఊరేగింపుకు మర్ఫా మేళం సిద్ధమవుతోంది. యెమెన్ నుంచి వచ్చిన అరబ్బులు, ఆఫ్రికా సిద్దీలు కలిసి ఈ ఊరికి ఇచ్చిన వాద్యం మర్ఫా. ఇప్పుడు హైదరాబాద్‌లో మతంతో పని లేకుండా పెళ్ళికి, ఊరేగింపుకు అదే మోగుతుంది. దెబ్బ మొదలైంది. కాకా అక్కడే నిలబడిపోయాడు. చిన్న డోలు ఒకటి తొందరపెడుతూ పోతుంటే పెద్దది వెనక్కి లాగుతుంది, మధ్యలో కర్రల చప్పుడు. ఆ రోజంతా విన్నదాంట్లో అదే బతికిన సంగీతం. మేం ఏమాత్రం సందేహం లేకుండా చెబుతాం.

దెబ్బ ఆగాక వాయించిన కుర్రాడిని కాకా పేరు అడిగాడు. తన పేరు చెప్పాడు. ఎవరి దగ్గర నేర్చావంటే తండ్రి పేరు, ఆయనకు నేర్పిన తాత పేరు చెప్పాడు, ఆ తాత ఎవరి పెళ్ళిలో వాయించాడో కూడా చెప్పాడు. కాకా ముఖం వెలిగిపోయింది. పర్ధాన్ కథ మొదలుపెట్టే తీరు అదే. ముందు ఎవరి కొడుకు, ఎవరి మనవడు, ఆ తర్వాతే పాట. సాలార్‌జంగ్‌లో గడియారం ముందు చేరిన జనంలో పదో వంతు కూడా ఈ గల్లీలో లేరు, అది వేరే సంగతి.

మాసబ్‌ట్యాంక్ దాటితే బంజారాహిల్స్ ఎత్తు మొదలవుతుంది. మాతో ఉన్న తండా మనిషి అప్పటిదాకా పెద్దగా మాట్లాడలేదు. ఇక్కడ మాట్లాడాడు. "మా పేరు మీద ఇంత పెద్ద ఊరుంది, మాకు మాత్రం ఇందులో అడుగు జాగా లేదు." ఈ గుట్టల మీద ఒకప్పుడు బంజారాల మకాములు ఉండేవి. తర్వాత మెహదీ నవాజ్ జంగ్ ఇక్కడి రాళ్ళ మధ్య ఇల్లు కట్టుకుని దానికి బంజారా భవన్ అనే పేరు పెట్టుకున్నాడు. 1933లో టాగోర్ వచ్చి ఈ గుట్టల మీద ఉండి, వీటి మీద కవిత రాశాడు. అదే టాగోర్ శతజయంతికి, 1961లో, మేం వచ్చిన దారిలోనే రవీంద్రభారతి కట్టారు. కవి నాలుగు రోజులు ఉన్నందుకు కవిత, ఆయన పేరు మీద హాలు మిగిలాయి. తరాలు ఉన్నవాళ్ళకు రోడ్డు బోర్డు మిగిలింది. 2022 సెప్టెంబర్ 17న రోడ్ నంబర్ 10లో కుమ్రం భీం ఆదివాసీ భవన్, సేవాలాల్ బంజారా భవన్ పక్కపక్కనే తెరిచారు. మంచి పని, కాదనం. పక్కపక్కన ఉన్న ఆ రెండు భవనాల మనుషుల మధ్య వేరే పంచాయితీలున్నాయి, అవి ఈ వ్యాసంలోకి తేవడం లేదు. ఆ ఎండలో నలుగురం ఒకే సీసాలో నీళ్ళు తాగాం.

గుట్ట మీద ఒక గ్యాలరీలోకి వెళ్ళాం. చల్లగా, నిశ్శబ్దంగా ఉంది. అయిదారుగురు చిత్రకారుల బొమ్మలు. బొమ్మల్లో ఎక్కువ పల్లెటూళ్ళే. పట్నంలో కొనేవాళ్ళకు పల్లె బొమ్మ కావాలి, పల్లె మనిషి కాదు అని మాలో ఒకరు గొణిగారు, అది కాస్త అన్యాయపు మాట. వైకుంఠం బొమ్మల్లో పెద్ద బొట్టు పెట్టుకున్న తెలంగాణ ఆడవాళ్ళను చూస్తే ఆ ఊరును ఎరిగిన చెయ్యి అని తెలిసిపోతుంది. లక్ష్మాగౌడ్ గీత కూడా అంతే. అక్కడ మాకు చూడదగ్గది బొమ్మల కంటే చీటీలే అనిపించింది. పేరు, బొమ్మ పేరు, సంవత్సరం, ఏ రంగు, ఏ గుడ్డ, ఎంత పొడవు, ఎంత వెడల్పు. ఒక్క ఊరిలో, ఒక్క రోజులో, కొన్ని మైళ్ళ దూరంలో రెండు రకాల చీటీలు. ఒకటి మనిషిని చెబుతుంది, ఇంకొకటి జాతిని చెబుతుంది. మా విమర్శ మొత్తం ఈ రెండు చీటీల మధ్య ఉంది.

పొద్దు గూకే వేళకు లామకాన్ చేరాం. 2010 నుంచి నడుస్తున్న చోటు. ఆవరణ, బండరాళ్ళు, చాయ్, సమోసా. ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. ఆ పేరుకు అర్థం ఇల్లు లేనిదని. మా తండా మనిషి నవ్వాడు, బంజారాహిల్స్‌లో అంతకన్నా సరైన పేరు ఏముంటుందని. గిటార్లు పట్టుకున్న పిల్లలు కొందరు ఒక మూల కూర్చుని పాడుకుంటున్నారు. గొంతులు మామూలే, కొన్ని శ్రుతి తప్పాయి. కానీ ప్రతి పాటకు ముందు ఇది ఎవరు రాసింది, ఎవరు కట్టిన వరస అని చెప్పి మొదలుపెడుతున్నారు. కాకా సంచిలో ఏముందని అడిగారు. తీసి చూపించాడు. వాయించమన్నారు.

"ఎవల ఇంటి కథ చెప్పాలె? ఇక్కడ మా సగావాళ్ళు ఎవలున్నరు?" అన్నాడు కాకా. వాళ్ళకు అర్థం కాలేదు, మేం చెప్పాం. పర్ధాన్‌కు కట్టుబడి ఉన్న ఇళ్ళుంటాయి, కథ ఆ ఇళ్ళ దేవుడిది, అడిగినవాళ్ళందరికీ చెప్పేది కాదు అని. "కథ చెప్పను. తీగ ఇనిపిస్త" అని కమాను అందుకున్నాడు. అయిదు నిమిషాలకు మించి వాయించలేదు. ఆ తీగ చప్పుడు మనకు తెలుసు, ఏడుపుకూ పిలుపుకూ మధ్య ఉంటుంది. రోడ్డు మీద హారన్ల చప్పుడులోంచి సన్నగా వినిపించింది. పొద్దున గాజు పెట్టెలో చూసినదానికి ఇదే నోరు అని మాకు అప్పుడు పూర్తిగా తెలిసింది. ఫోన్లో వీడియో తీసిన ఒక అమ్మాయి వచ్చి, "అంకుల్, మీ పేరు? వీడియో కింద రాయాలి" అంది. కాకా చెప్పాడు. ఆమె అక్షరం అక్షరం అడిగి రాసుకుంది, ఊరి పేరు కూడా.

మూడో రోజు పొద్దున ఆఫీసుకు పోతే సారు ఇంకా రాలేదు. ప్రెస్సులో ప్రూఫులు వచ్చాయి. మేం నలుగురం బెంచీ మీద కూర్చుని తిరగేశాం. ఈ పుస్తకం చివర పాటల భాగం ఉంది, మీరు చూసే ఉంటారు. అందులో కాకా పాడిన పాట ఒకటి ఉంది, ఆయన దగ్గరే రెండేళ్ళ కింద రాసుకున్నాం. పాట చదివి వినిపించాం. రెండు చోట్ల మాట తప్పు పడిందన్నాడు, దిద్దాం. తర్వాత అడిగాడు, "కింద ఏం రాసిండ్రు?"

కింద 'సేకరణ' అని ఉంది. దాని పక్కన మాలో ఒకరి పేరు ఉంది.

చదవకుండా తప్పించుకునే వీలు లేదు, చదివాం. కాకా ఏమీ అనలేదు. జేబులోంచి ఆ మ్యూజియం టోకెన్ తీసి చూసుకున్నాడు. సంచి తీసుకునే తొందరలో ఇవ్వడం మరిచి వచ్చేశాడట. మేం మిగతా పేజీలు తిప్పాం. పద్నాలుగు పాటలు. అన్నిటి కిందా సేకరించినవాళ్ళ పేరే ఉంది, పాడినవాళ్ళది ఒక్కటీ లేదు. ఒక దాని కింద 'ఒక వృద్ధ మహిళ' అని రాశాం. అలా రాసినందుకు అప్పట్లో మమ్మల్ని మేమే మెచ్చుకున్నాం, కనీసం మనిషి ఉందని చెప్పామని. ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. గోండు పందిట్లో పర్ధాన్‌ను ఎక్కడ కూర్చోబెడతామో, అన్నం ఎక్కడ వడ్డిస్తామో మనకు తెలుసు. మ్యూజియం చీటీలో పర్ధాన్ అనే మాట లేదని కోపం తెచ్చుకున్న మాకు మా ప్రూఫుల్లోనూ ఆ మాట కనపడలేదు.

ప్రెస్సు ఆయన ఫారం ఆపడానికి ఒక పూట ఇచ్చాడు. ఫోన్లు చేశాం. కొన్ని ఊళ్ళలో సిగ్నల్ లేదు, కొందరు చేలో ఉన్నారు, ఇద్దరు చనిపోయారు, వాళ్ళ పిల్లలు పేర్లు చెప్పి తండ్రి పేరు కూడా వేయమన్నారు. ఆ వృద్ధ మహిళ ఇంకా ఉంది. మనవరాలు ఫోన్ ఆమె చెవి దగ్గర పెడితే పేరు చెప్పి, ఆ పాటలో మనం ఒక చరణం వదిలేశామని కూడా చెప్పింది. సాయంత్రానికి పది పేర్లు దొరికాయి. నాలుగు దొరకలేదు. ఆ నాలుగు పాటల కింద 'పాడినవారు' అని రాసి, పక్కన చోటు ఖాళీగా వదిలేశాం. చదివేవాళ్ళకు ఎవరికైనా తెలిస్తే పెన్నుతో రాసుకోండి, మాకూ చెప్పండి.

కాకా పేరు ఈ వ్యాసంలో లేదు. కార్డు పని ఇంకా ఆఫీసులోనే ఉంది, ఇప్పుడు వద్దని ఆయనే అన్నాడు. పాట కింద ఉంది.